బావ తరఫున దిగులు

కుట్టుసామాన్ల బజారులో ఎవరు కొత్త సరుకు దించినా పక్క షాపులవాళ్ళు నేరుగా వెళ్ళి చూడరు. ముక్కూ మొహం తెలియని మనిషినొకణ్ణి కొనేవాడిలా పంపి, ధర కనుక్కుని శాంపిల్ పట్టుకు రమ్మంటారు. ఇందులో మోసమేమీ లేదు, అందరూ అందరికీ చేసేదే. దారాల షాపు రంగులాయన ఈ విద్యలో ఆరితేరినవాడు. అందుకే తన మనసుకు మందు వాడాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు కూడా ఆయన తాను వెళ్ళలేదు. మనిషిని పంపాడు.

రంగులాయన అన్నది పేరు కాదు, బజారు ఇచ్చిన బిరుదు. టైలరు గుడ్డముక్క తెచ్చి కౌంటరు మీద పడేస్తే, ఆయన వెనక అరలోంచి ఒక్క రీలు తీసుకుని గుమ్మం బయటికి, పగటి వెలుగులోకి నడిచేవాడు. రీలుకు చుట్టి ఉన్న దారం ఎప్పుడూ ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. కాబట్టి ఒంటిపోగు లాగి గుడ్డ మీద పరిచేవాడు. పోగు గుడ్డలో కలిసిపోయి కనబడకుండా పోయేది. రెండో రీలు తీయాల్సిన పని పడేది కాదు.

అలాంటి మనిషి, ఒక పొద్దున సూటు టైలరు బూడిదరంగు గుడ్డ తెస్తే, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా చేతికందిన రీలు తీసి ఇచ్చాడు.

"ఇది ఆకుపచ్చ కదండీ?" అన్నాడు టైలరు.

"ఏదైతేనేం. కుట్టాక లోపలే కదా ఉండేది."

టైలరు ఆ దారం తీసుకోలేదు, పక్క షాపుకూ పోలేదు. షాపు పక్కనున్న మెట్లెక్కి మేడ మీద ఇంటి తలుపు తట్టి, రంగులాయన భార్యతో, "అమ్మా, అయ్యగారికి ఒంట్లో బాగాలేదు. ఒకసారి చూపించండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆవిడకు ఈ సంగతి కొత్త కాదు. కొన్ని నెలలుగా ఆయన కోడికూతకు ముందే లేచి, లేచినవాడు లేచినట్టే మంచం మీద కూర్చుండిపోతున్నాడు. ఇంకెవరి అప్పో తీరుస్తున్నట్టు అన్నం తింటున్నాడు. తనతో పోట్లాడటం మానేశాడు. దీన్ని ఆవిడ మొదట్లో లాభం కిందే వేసుకుంది. నెల తిరిగేసరికి ఆ లాభం చూస్తే భయం పుట్టింది.

ఇక మరమ్మతులు మొదలయ్యాయి. రంగుల తేడా తెలియట్లేదు కాబట్టి కళ్ళే అయి ఉంటాయని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన కళ్ళు బంగారంలా ఉన్నాయని చెప్పి, ఎందుకైనా మంచిదని ఒక కళ్ళజోడు అంటగట్టాడు. నిద్ర చాలట్లేదేమోనని కొత్త పరుపు వచ్చింది. ఆయన పాత పరుపు మీద ఎంతసేపు మేలుకుని ఉండేవాడో కొత్త పరుపు మీదా అంతసేపే మేలుకుని ఉన్నాడు, కాకపోతే కాస్త మెత్తగా. విటమిన్లు మింగాడు. పార్కులో చేతులు పైకెత్తి హహహా అని అరిచే సంఘంలో చేరాడు. రెండోరోజు ఆయన నవ్వు విని పక్కనున్న పెద్దాయన, "బాబూ, గుండెనొప్పా?" అని కంగారుపడ్డాడు.

ఎదురు షాపు గుండీలాయన మాత్రం ఈ ఖర్చులేవీ లేకుండా వైద్యం చేశాడు. స్టూలు లాక్కుని కూర్చుని స్టాకు తనిఖీ మొదలుపెట్టాడు.

"నీకేం తక్కువోయ్? షాపు సొంతం. మేడ సొంతం. అమ్మాయి ఉద్యోగంలో స్థిరపడింది. ఈ వయసులో షుగరన్నా లేదు నీకు, నాకుంది. నేను దిగులుపడితే ఒక అర్థముంది. నువ్వెందుకు పడతావ్?"

రంగులాయన ఆ లెక్క అప్పటికే ఎన్నోసార్లు వేసుకున్నాడు. ఎటు కూడినా లాభమే వస్తోంది. ఎక్కడా నష్టం లేని వ్యాపారంలో మనిషి మాత్రం ఎందుకు దివాలా తీస్తున్నాడో ఆయనకు అంతుబట్టలేదు. దిగులుకు తోడు ఇప్పుడు సిగ్గు కూడా పట్టుకుంది, కారణం చూపలేని దిగులు పెట్టుకున్నందుకు.

"మనసుకు చూసే డాక్టరు దగ్గరికి వెళ్దామండీ" అంది భార్య చివరికి. "సూటు టైలరు భార్య కూడా వెళ్ళిందట. మందులు వాడి కుదుటపడిందట."

"ఆ మందులా? వాళ్ళ వ్యాపారం నాకు తెలియదా! ముందు సరుకు అలవాటు చేస్తారు. ఆ తర్వాత మానలేం, మళ్ళీ మళ్ళీ కొనాల్సిందే. అదీగాక, బిళ్ళ మింగి నవ్వితే ఆ నవ్వు నాదా, కంపెనీదా?"

"ఇప్పుడు నవ్వట్లేదుగా. ఎవరిదైతేనేం, ఒకటి రానివ్వండి."

"ఆ క్లినిక్ మెట్లెక్కుతుంటే బజారువాళ్ళెవరైనా చూస్తే?"

"కళ్ళజోడు పెట్టుకుని ఎక్కండి, ఎవరూ గుర్తుపట్టరు."

ఆయన ఆలోచించాడు. వెళ్ళనని అంటే ఆవిడ ఊరుకోదు. వెళ్తే తన పరువు పోతుంది. ఈ రెండింటి మధ్య వ్యాపారికి ఎప్పుడూ ఒక దారి ఉంటుంది. బావమరిదికి ఫోన్ చేశాడు.

బావమరిది అంటే ఆవిడ తమ్ముడే. ఫ్యాక్టరీల తరఫున జిప్పులూ గుండీలూ పట్టుకుని ఊళ్ళు తిరిగే ఏజెంటు. బజారంతా అతన్ని నవ్వుల స్టాకిస్టు అంటుంది. అతను షాపులోకి వస్తే జోకొకటి ముందొస్తుంది, మనిషి తర్వాతొస్తాడు. బయటి ఊళ్ళలో ఎవరి ధర కావాలన్నా ఇట్టే పట్టుకొస్తాడు. బావకు ఇలాంటి పనులు అతను బోలెడు చేసిపెట్టాడు.

షాపు వెనక గోడౌనులో, లేసు కట్టల మధ్య, రిహార్సలు జరిగింది.

"ఏం చెప్తావురా?"

"తెల్లారకముందే మెలకువ వస్తుంది బావా, లేవబుద్ధి కాదు..."

"బావా అనకు. డాక్టరు నీకు వరసా?"

"తిండి రుచించదు. రంగులన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఎవరితోనూ మాట్లాడాలనిపించదు."

"నవ్వుతూ చెప్పకు!"

"నవ్వట్లేదు బావా. నా మొహమే అంత."

"కింద చూస్తూ చెప్పు అయితే. ఆ డాక్టరమ్మ ఏ మందు రాస్తుందో, ఎన్నాళ్ళు వాడాలో, నిద్రమత్తు వస్తుందో రాదో, మధ్యలో మానితే ఏమవుతుందో, అన్నీ రాబట్టు. కొనమంటే మాత్రం, ఇంట్లో అడిగి వస్తానని లేచి వచ్చెయ్."

టీ గ్లాసులు తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "జ్వరం మీకైతే థర్మామీటరు వాడి నోట్లో పెడతారా? ఎక్కడైనా ఉందా ఇది?"

"శాంపిల్ చూడకుండా సరుకెవడు కొంటాడే?"

"వాడెందుకు ఒప్పుకోవాలి? ఒరేయ్, నీకైనా బుద్ధుండక్కర్లేదూ?"

"పోనీలే అక్కా, ఇన్నాళ్ళకి బావ నాకొక మంచి వేషం ఇచ్చాడు" అని అతను రెండు గ్లాసులూ తానే తాగి బయల్దేరాడు.

సాయంత్రం టీ వేళకు రావాల్సినవాడు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. జోకు ముందు రాలేదు. మనిషే వచ్చి జిప్పుల పెట్టె మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందిరా? పట్టేసిందా?"

"లేదు బావా. నువ్వు చెప్పమన్నవన్నీ వరసగా చెప్పాను. డాక్టరమ్మ తల ఊపుతూ వింది. రంగులంటున్నారు, మీరేం పని చేస్తారు అంది. జిప్పులమ్ముతానన్నాను. అంతవరకూ బాగానే నడిచింది. అప్పుడు ఇంకోటి అడిగింది."

"ఏమని?"

"మీరెలా ఉన్నారని మిమ్మల్ని ఎవరైనా నిజంగా అడిగి ఎన్నాళ్ళయిందీ అని. దానికి జవాబు నువ్వు నేర్పలేదు."

"నీ నోటికి అది కూడా నేర్పాలట్రా? ఏదో ఒకటి అల్లేయకపోయావా?"

"అల్లబోయాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది." అతను అరచేతులు చూసుకున్నాడు. "ఆపుదామంటే ఆగలేదు బావా. లాడ్జి గదిలో చెప్పులైనా విప్పకుండా పడుకుండిపోతానని, ఇంటికి ఫోన్ చేసి గట్టిగా రెండు నవ్వులు నవ్వి పెట్టేస్తానని, పొద్దున షాపులోకి అడుగుపెట్టేముందు వీధి మలుపులో నిలబడి మొహం సర్దుకుంటానని, అన్నీ చెప్పేశాను. ఎవరికీ చెప్పనివి. నాకు నేనే చెప్పుకోనివి."

రంగులాయన పక్కనున్న లేసు కట్టొకటి విప్పి మళ్ళీ చుట్టాడు. తర్వాత రంగులాయనలోని వ్యాపారి మేల్కొన్నాడు.

"మరి నా సంగతి ఏమంది?"

"నీ సంగతి అడగడం మర్చిపోయాను."

"మందు రాసిందా?"

"రాసింది. తీసుకున్నా కూడా." అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇటివ్వు."

"ఎందుకిస్తాను? నావి."

"నీవెలా అవుతాయి? లక్షణాలెవరివి? సరుకు నా ఆర్డరు మీద వచ్చింది!"

"మొదటి నాలుగు మాటలూ నీవి. వాటికి ఆవిడ కలం కూడా తీయలేదు. తర్వాత చెప్పినవి నావి. వాటికే రాసింది."

"పోనీ సగం సగం చేసుకుందాం."

అప్పటికి భార్య మెట్లు దిగి వచ్చి వెనక నిలబడి ఉంది. ఎంతవరకు విందో ఆవిడ మొహమే చెప్తోంది. "ఒకరి మందు ఇంకొకరు మింగడానికి అదేమైనా లేసు కట్టా, తెంపుకుని పంచుకోవడానికి?" అని మొగుణ్ణి కసిరి, తమ్ముడి ముందు కూలబడింది. "పండగలకీ పబ్బాలకీ వస్తావు, నవ్వించి వెళ్తావు. కాఫీ ఇచ్చి పంపేదాన్ని. ఒక్కసారైనా నీ మొహంలోకి చూశానురా నేను?"

"చూడనిస్తేగా అక్కా."

ఆవిడ కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. "తర్వాత ఎవర్ని పంపుతారు? నన్ను పంపండి. వెళ్తాను. మీతో కాపురం గురించి చెప్పుకుంటే నాకూ రాసిస్తుంది."

కానీ ఆయన కదల్లేదు. ఆయన లెక్క వేరు. శాంపిల్ బయటికి వెళ్ళింది, ఎలా పనిచేస్తుందో చూశాక నిర్ణయించుకోవచ్చు. బావమరిది కొన్నాళ్ళు తిరుగుడు తగ్గించుకుని అక్క ఇంట్లోనే ఉన్నాడు. రంగులాయన అతన్ని కొత్త రకం దారాన్ని చూసినట్టు రోజూ వెలుతురులో పెట్టి చూశాడు.

"ఏమైనా తెలుస్తోందా?"

"నోరెండిపోతోంది. కడుపులో తిప్పుతోంది. మొదట్లో ఇలాగే ఉంటుంది, గుణం నెమ్మదిగా కనిపిస్తుంది అని ముందే చెప్పింది."

"ముందు నష్టం, తర్వాత లాభమా? ఇదెక్కడి వ్యాపారం!"

"కొత్తగా షాపు తెరిచినవాడెవడైనా చేసేది ఇదేగా బావా."

వారాలు గడిచాయి. బావమరిదిలో కనిపించిన మొదటి మార్పు, నవ్వడం తగ్గించాడు. బజారులో ఇది పెద్ద వార్త అయింది. ఎలా ఉన్నావోయ్ అని గుండీలాయన అడిగితే, "ఇవాళ అంత బాగాలేదండీ" అన్నాడట! గుండీలాయన జవాబు వినే అలవాటు లేక తెల్లబోయి నిలబడ్డాడు. అయితే అతను అక్క వడ్డించింది కడుపునిండా తిన్నాడు, మధ్యాహ్నం గుర్రుపెట్టి నిద్రపోయాడు. జిప్పుల కమీషను దగ్గర బావతో గొంతెత్తి పోట్లాడాడు. ఆ పోట్లాట చూసి రంగులాయనకు కోపం రాలేదు, ఈర్ష్య పుట్టింది.

శాంపిల్ బాగానే ఉందని తేలిపోయింది. అయినా ఆయన వెళ్ళలేదు. ఇది ఆయనకే చిత్రంగా తోచింది. మంచి సరుకని తెలిశాక కొనడానికి ఆలస్యం చేసిన మనిషి కాదు. ఇప్పుడు మాత్రం, కొనాలంటే కావాలనుకోవాలి కదా, ఆ కావాలనుకోవడమే లోపల ఎక్కడా దొరకలేదు. రేపు చూద్దామనుకున్నాడు. రేపు వచ్చింది, అది కూడా నిన్నలాగే ఉంది.

ఈలోగా కౌంటరు దగ్గరికి భార్య వచ్చేసింది. సూటు టైలరు మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. ఆవిడ మూడు రీళ్ళు తీస్తే ఒకటి కుదిరేది. అయినా గుమ్మం బయటికి వెళ్ళి చూపేది, కుదరకపోతే ఒప్పుకునేది. రంగులాయన వెనక స్టూలు మీద కూర్చుని ఆ బేరాలన్నీ చూసేవాడు.

ఒక ఉదయం కొత్త సరుకు దిగింది. అట్టపెట్టెలు విప్పమని భార్య చెప్పి కౌంటరు దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి బావమరిది గోడౌనులోకి వచ్చేసరికి పెట్టెలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. రంగులాయన వాటి మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంటి బావా, పెట్టెలకి కాపలానా?"

"ఒక లెక్క చూస్తున్నానురా." ఆయన గొంతులో ఎత్తుపల్లాలు లేవు. స్టాకు చదువుతున్నట్టే చెప్పాడు. "షాపు నాకంటే మీ అక్కే బాగా నడుపుతోంది. అమ్మాయికి నాతో పని లేదు. మేడ ఉంది, ఇన్సూరెన్సు ఉంది. నన్ను తీసేసి చూసినా కూడిక సరిపోతోంది. ఎక్కడా తేడా రావట్లేదు."

బావమరిది తన చేతిలోని కత్తెరను మెల్లగా ఎత్తైన అరలో పెట్టాడు. వచ్చి బావ ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి వేస్తున్నావీ లెక్క?"

"రోజూ వేస్తున్నా. అంతే వస్తోంది."

"నేనూ వేశాను బావా, లాడ్జిలో. నాకూ అంతే వచ్చింది. లెక్క తప్పు కాబట్టే రోజూ అంతే వస్తుంది." అతను బావ చెయ్యి పట్టుకున్నాడు. పట్టిన పట్టు వదల్లేదు. "లే. చొక్కా మార్చుకోవక్కర్లేదు. చెప్పులు కూడా నేనే తొడుగుతా. లే."

"ఇప్పుడా? రేపు..."

"రేపు లేదు బావా. ఇవాళే ఉంది."

క్లినిక్‌లో పెద్ద హడావిడి లేదు. డాక్టరమ్మ బల్ల మీద ఒక కూజా, రెండు గ్లాసులు, పక్కన కిటికీ. రంగులాయన కూర్చున్నాడు. ఎంత నీరసంలో ఉన్నా అలవాటు వదల్లేదు.

"మా బంధువొకాయన ఉన్నాడండీ. తెల్లారకముందే మెలకువ వస్తుంది, లేవబుద్ధి కాదు. తిండి రుచించదు. రంగులన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎవరితోనూ..."

"మాట్లాడాలనిపించదు" అని ఆవిడ పూర్తిచేసింది. "ఈ మాటలు ఇదే వరసలో ఒకసారి విన్నాను. చెప్పినాయనకి రంగులతో పనే లేదు. అప్పుడే అనుకున్నాను, ఇవి ఎవరివో అయి ఉంటాయని. మీవేనా?"

ఆయన తల దించుకున్నాడు. "నావేనండీ. వాడికి వాడుకోమని ఇచ్చాను."

"ఇచ్చి మీరు మూడో నెల దాకా ఆగారన్నమాట."

ఆ తర్వాత ఆవిడ, చాలా మామూలుగా, ధర అడిగినంత మామూలుగా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని అడిగింది. ఇంతవరకు కళ్ళజోడు అమ్మినవాడు గానీ, పరుపు అమ్మినవాడు గానీ, స్టాకు తనిఖీ చేసిన గుండీలాయన గానీ ఆ మాట అడగలేదు. రంగులాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఇది ఇంకొకడి చేత చెప్పించే మాట కాదు.

"వస్తోందండీ" అన్నాడు.

చెప్పాక ఆకాశమేమీ విరిగి పడలేదు. ఆవిడ ఒక గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. ఇంకా చాలా అడిగింది. ఎలా వస్తోంది, ఎప్పుడు వస్తోంది, ఇంట్లో ఏమేమి అందుబాటులో ఉన్నాయి. ఆయన అన్నీ చెప్పాడు. ఆయన అనుమతితోనే బావమరిదిని లోపలికి పిలిచి, కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దని, భార్యకు ఇవాళే చెప్పాలని, ఆలోచన గట్టిపడితే ఏ వేళైనా సరే ఆసుపత్రికి తీసుకురావాలని చెప్పింది.

మందు దగ్గరికి వచ్చేసరికి రంగులాయన బేరానికి దిగాడు. "కొంచెం చిన్నది ఇవ్వండి."

"చిన్నదానితోనే మొదలుపెడతాను."

అడిగిన వెంటనే ఒప్పుకునే మనిషితో బేరం ఎలా చెయ్యాలో ఆయనకు తెలియలేదు. "గ్యారంటీ ఉంటుందా?"

"ఉండదు. ఇది కుదరకపోతే ఇంకోటి చూస్తాం. మీ అంతట మీరు మాత్రం ఆపకూడదు. ఆపాల్సినప్పుడు మెల్లగా తగ్గించి నేనే ఆపిస్తాను. బిళ్ళలు ఒక్కటే చాలవు. వారం వారం వచ్చి మాట్లాడాలి."

"ఏం మాట్లాడాలి?"

"ఆ కూడిక. మనిద్దరం కలిసి చూద్దాం, ఎక్కడ తప్పుతోందో."

తిరిగి షాపుకు వచ్చేసరికి భార్య కౌంటరు దగ్గర ఒకావిడకు లేసు కొలుస్తోంది. బావమరిది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. రంగులాయన కౌంటరు ఇటువైపు, కొనేవాళ్ళు నిలబడే చోట నిలబడి, భార్యతో మెల్లగా నాలుగు మాటలు చెప్పాడు. ఎవరి తరఫునా కాదు, తనవే.

ఆవిడ చేతిలో కొలకర్ర అలాగే ఉండిపోయింది. తర్వాత లేసు కొనే ఆవిడ వైపు తిరిగి, "రేపు రండమ్మా, ఇవాళ అమ్మకం లేదు" అంది. కౌంటరు దాటి వచ్చి, మొగుణ్ణి భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయి, పట్టపగలు, బజారు కిటకిటలాడే వేళ, షట్టరు కిందికి లాగేసింది.

కుట్టుసామాన్ల బజారులో పట్టపగలు షట్టరు పడిందంటే ఒకటే అర్థం. నిమిషాల మీద జనం పోగయ్యారు. గుండీలాయన తన షాపు వదిలేసి రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు. బయట మెట్టు మీద కూర్చున్న బావమరిది భుజం పట్టుకుని, "అయ్యో, ఎవరు పోయారోయ్?" అన్నాడు.

"ఎవరూ పోలేదండీ" అన్నాడు బావమరిది. "అందుకే మూశాం."

గుండీలాయనకు అర్థం కాలేదు. అయినా, ఎందుకో, వెనక్కి వెళ్ళిపోకుండా అతని పక్కన మెట్టు మీద కాస్త చోటు చేసుకుని కూర్చున్నాడు.

"నువ్వెలా ఉన్నావోయ్?" అని అడిగి, ఈసారి జవాబు కోసం ఆగాడు.